కార్డు చదవకుండా పసుపు చూసినారు

సుబ్బయ్యా, బాగున్నావా? ఇన్నాళ్లు జవాబు రాయలేదని ఏమీ అనుకోవద్దు. మండీకి కొత్త పసుపు కొమ్ములు దిగి ఊపిరాడలేదు. ఈ రోజు మాత్రం కోపం ఆగక వెంటనే రాస్తున్నాను.

మీ కోయిలకుంట్ల ఓబన్న తన కొడుక్కు మా లక్ష్మిని అడిగాడు కదా. పిల్ల హైస్కూలు చదువు అయ్యేదాకా పెండ్లి మాట వద్దని పోయిన వారం కార్డు రాశాను. ఈ మధ్యాహ్నం ఆయన పండ్లు, తమలపాకులతో ఐదుగురు బంధువులను వెంటబెట్టుకొని బస్సు దిగాడు, ముహూర్తం పెట్టుకుందామని!

"నా కార్డు చదవలేదా ఓబన్నా?" అన్నాను.

"చదివేదేముండాదప్పా? మూలలకు పసుపు పెట్టి పంపితివి. శుభమని చిన్నపిల్లోనికి గూడా తెలుస్తాది!"

"నేను చేసేదే పసుపు యాపారం సామీ! నా చేతులకు పసుపు గాక గంధం ఉంటాదా?"

లక్ష్మి లోపలి నుంచి వచ్చి, ఆయన వెంట తెచ్చిన ఆ కార్డే అడిగి తీసుకొని అందరికీ గట్టిగా చదివి వినిపించింది. ఆయన వినలేదు.

"రాతదేముందిలే. పసుపు పెట్టి మాట తప్పినారని ఊర్లో చెప్తా," అని లేచి వెళ్లిపోయాడు.

నువ్వే చెప్పు, తప్పెవరిది? రాసింది వదిలేసి మరకను నమ్మితే నేనేం చేసేది? ఆ మాట పాకితే రేపు నా బిడ్డను ఎవరు అడుగుతారు? నువ్వు ఆ ఊరివాడివే కాబట్టి ఆయన కంటే ముందు నలుగురికీ జరిగింది చెప్పు. లక్ష్మి మాత్రం రేపు బడికి పోతుంది. నువ్వు కడపకు ఎప్పుడు వస్తావు?