శెట్టిగారి చేతి బోణీ

నాలుగు సైకిళ్ళతో ఉదయగిరిలో అద్దెకొట్టు తెరిచిన రోజు నేను ఒక్కచోట కూర్చున్నది లేదు. సైకిళ్ళు నావి కావు. ఆత్మకూరులో నేను ఏడాదిపాటు పంక్చర్లు వేసిన షాపు శెట్టిగారు కొనిపెట్టినవి. చక్రం వంకర తీయడం దగ్గర్నుంచి మొండి మనిషితో మాట్లాడటం దాకా ఆయనే నేర్పారు. లాభంలో సగం ఆయనకి, కష్టమంతా నాది. మా నాయన మాత్రం, "సేద్యం వదిలి చక్రాలు తిప్పుకుంటాడంట" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

శెట్టిగారి చెయ్యి మంచిదని మా వైపు పేరు. ఆయన బోణీ చేసిన కొట్టు మూతపడదనేవారు. పొద్దుటి బస్సుకి వస్తానన్నారు. ఆయన వచ్చి మొదటి అద్దె ఇచ్చేదాకా బండి కదిలించకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఆయన చెప్పింది కాదు, నా తెలివే.

బస్సు రాలేదు. బెల్లు మోగించి చూశాను, తుడిచిన సీట్లే మళ్ళీ తుడిచాను, రోడ్డు మీదికి పోయి వచ్చాను. అంతలో ఒక పంతులుగారు రొప్పుతూ వచ్చారు. ఆయన బడి దుత్తలూరులో. పోవలసిన బస్సు తప్పిపోయింది, ఆ రోజే ఇన్‌స్పెక్షను.

"ఇంకా బోణీ కాలేదయ్యా. మా శెట్టిగారు రావాల" అన్నాను.

"అద్దె రెండింతలు ఇస్తాను నాయనా."

"ఎంతిచ్చినా కుదరదయ్యా."

ఆయన నాలుగు సైకిళ్ళ వంకా చూసి, చెప్పులు చేతబట్టుకుని గబగబా నడక మొదలుపెట్టారు. ఆయన మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. అయినా పిలవలేదు.

బారెడు పొద్దెక్కాక బస్సు వచ్చింది. శెట్టిగారు దిగుతూనే, "దారిలో ఒక పంతులు చెప్పులు చేతబట్టుకొని పరిగెత్తతా ఉండాడు. నువ్వింకా కొట్టు తెరవలా?" అన్నారు.

జరిగింది చెప్పాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను, సిగ్గు లేకుండా.

"నా చేతిలో ఏముండాదిరా? సైకిళ్ళు కొనిస్తిని. గిరాకీ కూడా నేనే కొనియ్యాల్నా? పో, ఆయన్ని పట్టుకో. ఆయన నీ సైకిలు ఎక్కలేదంటే నాలుగు బండ్లూ సాయంత్రం బస్సు టాపు మీద ఆత్మకూరు పోతాయి."

ఒక సైకిలెక్కి తొక్కాను. నాయన మాటే చెవుల్లో మోగుతోంది. దుత్తలూరు ఇంకా రెండు మైళ్ళు ఉందనగా పంతులుగారు కనిపించారు. కాళ్ళు బొబ్బలెక్కి కుంటుతున్నారు.

సైకిలు దిగి ఆయన ముందు పెట్టి, "ఎక్కండయ్యా, అద్దె వద్దు" అన్నాను.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "బోణీ అయిందా నాయనా?" అని అడిగారు, ఎగతాళి లేకుండా.

"లేదయ్యా."

జేబులోంచి ఒక అణా తీసి నా అరచేతిలో పెట్టారు. "అయితే ఊరికే తీసుకోకూడదు. సైకిలు సాయంత్రం తెచ్చిస్తాను" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

బోణీ డబ్బు కళ్ళకద్దుకోవాలి. ఆ రోడ్డు మీద నిలబడి ఎంతసేపు చూసుకున్నా, ఆ అణాని కళ్ళదాకా తీసుకుపోవడానికి నాకు చెయ్యి లేవలేదు.