యురేనియం రాయి పక్కన పైడమ్మ నుయ్యి

2022 ఏప్రిల్. గజపతినగరం దాటాక కొండవాలులో ఉన్న ఒక చిన్న రైతుల ఊరు. నేను జియాలజిస్టుని, రాళ్లను చదవడమే ఉద్యోగం. ఆ ఏడాది మా బృందం ఒక ‘నేచురల్ అనలాగ్’ కోసం వెతుకుతోంది. అణు వ్యర్థాలను భూమి లోతున దాచిపెడితే లక్షల ఏళ్లు కదలకుండా ఉంటాయా? అంతకాలం కూర్చుని చూడటం ఎవరి తరం? అందుకే యురేనియం సహజంగా ఉన్న రాళ్లను వెతికి, ఇన్ని యుగాల్లో అది ఎంత దూరం కదిలిందో చూస్తాం. అలా ప్రకృతే చేసిపెట్టిన ప్రయోగమే అనలాగ్.

ఆ ఊరి రైతు పైడమ్మ పొలం గట్టున ఒక తెల్లరాయి చార ఉంది. రేడియేషన్ కొలిచే సింటిల్లోమీటర్ అక్కడ పెట్టగానే కీచుమంది. సంతోషం పట్టలేక “దొరికింది! యురేనియం!” అని అరిచేశాను. పక్క పొలంలో కలుపు తీస్తున్నవాళ్లు విన్నారు. మేం జీపెక్కి వెళ్లిపోయాం.

వారం తర్వాత వెళితే పైడమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

“ఏటమ్మా నువ్వు సేసిన పని? నా నూతిలో ఇసం ఉన్నాదని ఊరంతా సెప్పుకుంతన్నారు. సంతలో నా వంకాయలు ఒక్కలూ ముట్టుకోనేదు!”

రాయికి ఇరవై అడుగుల్లోనే ఆమె నుయ్యి. వేసవిలో సగం ఊరు తాగే నీళ్లవి. ఆవేళ దాని దగ్గర ఒక్క బిందె కూడా లేదు.

“ఆ అణు సెత్తంతా మా ఊళ్లో పాతడానికి వచ్చారంట కదా?” అన్నాడు ఆమె భర్త సింహాచలం.

“కాదు బాబాయ్. ఈ రాతిలోని యురేనియాన్ని భూమి తనంతట తాను ఎలా పట్టి ఉంచిందో చూడ్డానికి వచ్చాం.”

“మరి నీళ్లు మంచియా, సెడ్డయా?” పైడమ్మ సూటిగా అడిగింది.

నాకు తెలియదు. రాయిని కొలిచానే గాని నీళ్ల సంగతి ఆలోచించనే లేదు. “తేలేదాకా తాగొద్దు పిన్నీ. ఫలితం ఏదైనా నేనే వచ్చి అందరి ముందూ చదువుతాను” అన్నాను. తల కొట్టేసినట్టయింది.

నీళ్లు సీసాల్లో పడుతుంటే ఆమె పక్కనే నిలబడి, “ఈ నుయ్యి మేం ఇద్దరమే తవ్వినాం. ఆ రాయి పక్క జిగురుమట్టి తగిలినాది. గునపం దిగితే ఊడొచ్చీది కాదు. అటునించి సుక్క నీరు రానేదు. ఊటంతా కొండ పక్కనించే వస్తాది” అంది.

రాయి నుంచి యురేనియం కదిలినా ఆ మట్టే ఆపుతోందేమో! మా ప్లానులో రాయికి రంధ్రం వేయడమే ఉంది, మట్టి లేదు. అక్కడికక్కడే ప్లాను మార్చాను. రాయికీ నూతికీ మధ్య ఆగర్‌తో, అంటే చేత్తో తిప్పే పెద్ద బరిమెతో, జానెడుకో నమూనా తీశాం. సింహాచలం కూడా చెయ్యి వేశాడు.

ఆరు వారాలకు ఫలితాలొచ్చాయి. కాగితం మూడుసార్లు చదివాను. యురేనియం రాయి నుంచి కదిలిన మాట నిజమే. కానీ రెండు జానలు దాటలేదు. జిగురుమట్టి దాన్ని పట్టేసింది. ఆ అవతల మామూలు మట్టే. నూతి నీళ్లు తాగునీటి పరీక్షలన్నీ నెగ్గాయి.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి చదివాను. పూర్తయ్యాక పైడమ్మ లేచింది.

“మళ్లీ సదువమ్మా. ఎనకున్నోలకి ఇనబడాలి.”

మళ్లీ చదివాను, ఇంకాస్త గట్టిగా. సాయంత్రానికి నూతి చుట్టూ బిందెలే. తర్వాతి సంతలో ఆమె ఆ కాగితం నకలు వంకాయల గంపకు కట్టుకుని కూర్చుందట. మధ్యాహ్నానికల్లా గంప ఖాళీ.

మా నివేదికలో ఆ మట్టిపొరే అసలు విషయమైంది. సమీక్షకు వచ్చిన పెద్దాయన, “మట్టి తియ్యాలని మీకెలా తోచింది?” అని అడిగారు. “నాకు తోచలేదండీ, నుయ్యి తవ్వినావిడ చెప్పింది” అన్నాను. కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు పైడమ్మదే.

ఒక్క నూతితో అణు వ్యర్థాల సమస్య తీరిపోదు. నా పని తీరు మాత్రం మారింది. ఇప్పుడు ఏ పొలంలోనైనా మీటరు ఆన్ చేసే ముందు ఆ పొలంవాళ్లను పిలిచి, అది ఎందుకు కూస్తుందో చెబుతాను. ఆ తర్వాత, “ఇక్కడ తవ్వినప్పుడు మీకేం తగిలింది?” అని అడుగుతాను. ఆ ప్రశ్నతోనే ఈ జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ ఇంకో రెండు అనలాగ్‌లు పట్టుకున్నాం.