చెల్లెలి షుగర్ దిగింది, నాది ఎక్కింది

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ బజారు నుంచి కూరగాయల సంచితో ఇంటికి వచ్చాను. గడప దగ్గర నా కోడలు, "అత్తా, ఎడమ కాలి చెప్పు యాడ?" అంది. చూసుకుంటే లేదు. తారు రోడ్డు మీద వట్టి కాలితో ఎంత దూరం నడిచానో నాకే తెలియదు. కాలు కాలిన సంగతి పట్టలేదు. చెప్పు పోయిందనే బాధతో మళ్లీ ఎండలో పోయి వెతికి తెచ్చుకున్నాను.

సాయంత్రానికి బొటనవేలి కింద బొబ్బ లేచింది. పసుపు అద్ది ఊరుకున్నాను. పది రోజులకు అది పుండై చీము పట్టింది. కోడలు నంద్యాలలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

నాకు షుగర్, బీపీ ఉన్నాయని ఆరేళ్లుగా తెలుసు. మాత్రలు మింగుతూనే ఉన్నాను. డాక్టరమ్మ పాదం మీద సూదితో గుచ్చి చూసింది. ఫాస్టింగ్, పోస్ట్ లంచ్, మూడు నెలల షుగర్ పరీక్ష, అన్నీ చేయించింది. "అవ్వా, పాదంలో స్పర్శ పోయింది. మూడు నెలల సగటు షుగర్ ఏడు లోపల ఉండాల్సింది, పది దాటింది. ఇట్లానే ఉంటే ఇన్ఫెక్షన్ ఎముకకు పాకి వేలు తీయాల్సి రావచ్చు" అంది. తెల్లన్నం సగానికి తగ్గించమంది. జొన్నరొట్టె, కొర్రన్నం అయినా కొలిచే తినాలంది. బీపీకి ఊరగాయ వద్దంది.

నంద్యాలలోనే ఉండే నా చెల్లెలు రూతమ్మ చూడడానికి వచ్చింది. దానికీ షుగరే. "నాది ఆరున్నరకు దిగిందిలే అక్కా" అని సంచిలోంచి రిపోర్టు తీసింది. నన్ను పలకరించడానికి వచ్చిందో, రిపోర్టు చూపించడానికి వచ్చిందో ఆ యేసయ్యకే తెలియాలి. చిన్నప్పుడు దాన్ని ఎత్తుకుని తిరగడానికే నన్ను మూడో తరగతిలో బడి మాన్పించారు. అది పది దాకా చదివింది. ఇప్పుడు రోగంలో కూడా అదే ముందుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

నెల రోజులు పంతంగా జొన్నరొట్టె తిన్నాను. చక్కెర ముట్టలేదు. అయినా షుగర్ ఇంకా పైకే పోయింది. "దొంగచాటుగా ఏం తింటాండావవ్వా?" అంది డాక్టరమ్మ. నా జన్మలో ఎవరూ నన్ను దొంగ అనలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. రోజూ డ్రెస్సింగ్ చేయించుకోవాలన్నారు. గతిలేక రూతమ్మ ఇంట్లో దిగాను.

అది ఏదో నాటుమందు మింగుతూ నా దగ్గర దాస్తోందని నా అనుమానం. అది బయటికి పోయినప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ వెతికాను. రాగిపిండి, మెంతులు తప్ప ఏమీ దొరకలేదు.

సాయంత్రం ఏడున్నరకు అది నాకొక రొట్టె, తనకొక రొట్టె, గోంగూర పప్పు, కాస్త పెరుగు వడ్డించి తినడానికి కూర్చుంది.

"మగోళ్లు రాకముందే తింటాండావే, సిగ్గు లేదా?" అన్నాను.

"వాళ్లు వచ్చేది తొమ్మిదికి. నా మాత్ర ఇప్పుడు. సిగ్గుపడితే షుగర్ దిగుతాదా అక్కా?"

మరిది, వాళ్లబ్బాయి వచ్చి తిన్నాక గిన్నెలో చారెడు అన్నం మిగిలింది. రూతమ్మ దాన్ని పక్కింటి బర్రె కుడితి బకెట్లో వంచబోయింది. నేను గిన్నె లాక్కున్నాను.

"తెల్లన్నం పారబోస్తావా! కండ్లు నెత్తికెక్కినాయా?" అంటూ పప్పు గిన్నె కూడా అందులోనే తుడిచి ముద్ద కలిపాను.

అది నా మణికట్టు పట్టుకుంది. "ఇంటికాడ కూడా ఇట్లనే తింటావా అక్కా?"

"మిగిలింది ఇంకెవురు తింటారే?"

"ఇందాక రొట్టె తినింటివి కదా. ఇది రెండో కూడు. బర్రె తింటే పాలిస్తాది. నువ్వు తింటే నీ వేలు పోతాది."

పెళ్లయిన నాటి నుంచి అందరూ తిన్నాక గిన్నెలు తుడిచి తినడం నా అలవాటు. మనవరాళ్లు కంచాల్లో వదిలేసింది కూడా నా నోట్లోకే పోయేది. దాన్ని తిండిగా నేను ఏనాడూ లెక్కపెట్టలేదు. డాక్టరమ్మకు అబద్ధం చెప్పలేదు, నాకే తెలియలేదు. అదే మాట ఆమె చెప్పివుంటే మెచ్చుకునేదాన్ని. రూతమ్మ చెప్పింది కాబట్టి ముద్ద కుడితిలో వేసి, రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

ఆ తర్వాత షుగర్ మెల్లగా దిగింది. మధ్యలో పుండు మళ్లీ పచ్చిగా మారి భయపెట్టింది. మూడు నెలలకు మానింది. నా వేలు నాకు ఉంది.

ఇప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంట్లో ముందు తినేది నేనే. మాత్రలు, ఇన్సులిన్ డాక్టరమ్మ చెప్పినట్టే నడుస్తున్నాయి. రోజూ పాదాలు తిప్పి చూసుకుంటాను. మొన్నటి పరీక్షలో ఏడు వచ్చింది. రూతమ్మది ఇంకా ఆరున్నరే. అది ఫోన్ చేసి చెప్పిన రోజు నాకు ఇంకో రొట్టె తినబుద్ధి కూడా కాదు. ఆ కుళ్లు నాకు మంచే చేస్తోంది.

షుగర్ ఉన్న ఆడవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ కంచం మీరు ముందే వడ్డించుకుని, తిని, చెయ్యి కడుక్కోండి. గిన్నెలు ఎత్తే పని ఇంకొకరికి అప్పజెప్పండి. మిగిలింది బర్రెకు పెట్టండి. దానికి షుగర్ లేదు.