ఈతకొలనుకు నేనే చేయించిన గేటు

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఘోరం జరిగిన కథ. ప్రాణాలేం పోలేదు. పోయినవి నా అరికాళ్ళ తోలు, మొహం తోలు, అత్తగారింట్లో నాకున్న కాస్త మర్యాద. మొదటి రెండూ మళ్ళీ వచ్చాయి.

మాది కమలాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు మా అవ్వ నాకు ఒక్క చెంబు నీళ్ళతో తలస్నానం చేయించేది. నమ్మరు కదూ? ఒక్క చెంబే. అందులోనూ కొంచెం మిగిల్చి కరివేపాకు చెట్టుకు పోసేది. ఊరి పక్కన ఏరుండేది కానీ అందులో ఎప్పుడు చూసినా ఇసుకే. సాయంత్రమైతే పిల్లలమంతా ఆ ఇసుకలో బోర్లా పడుకొని చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఈత పందేలు వేసుకునేవాళ్ళం. గొప్ప చెప్పుకోకూడదు గానీ, ఇసుకలో నన్ను మించిన ఈతగాడు ఆ చుట్టుపక్కల లేడు.

పందెం అయిపోయాక వెల్లకిలా తిరిగేవాణ్ణి. వీపు కింద ఇసుక మెల్లగా చల్లబడుతుండేది. పైన మబ్బులు వచ్చేవి. గడప బయటే నిలబడి రెండు మాటలు మాట్లాడి పోయే చుట్టాల్లాగా, మా ఊరి మీద కాస్త నీడ పడేసి వేరే ఊరికి వెళ్ళిపోయేవి. 'ఇదే నీళ్ళయితే ఎట్లుంటాదో' అనుకుంటూ కళ్ళు మూసుకునేవాణ్ణి. వీపు కింద ఇసుక కదులుతున్నట్టే ఉండేది.

ఆ పిచ్చి నాతోనే పెరిగింది. కడపలో బండల వ్యాపారం పెట్టాను, కాస్త నిలదొక్కుకున్నాను, ఊరి బయట ఇల్లు కట్టాను. బోరు వేయిస్తే నీళ్ళు చెట్టంత ఎత్తు ఎగిరి నా మొహం మీద పడ్డాయి. ఆ తడి మొహంతోనే నిర్ణయం తీసుకున్నాను.

నా భార్య సుగుణ మా మేనత్త కూతురు. ఆమె పుట్టి పెరిగింది నంద్యాల దగ్గర, కాలువ గట్టున. నడక కంటే ముందు ఈత నేర్చుకున్న మనిషి. ఇంటి వెనకాల తవ్విస్తున్న గుంత చూసి వచ్చి అడిగింది.

"బావా, అదేంది? నీళ్ళ సంపా?"

"కాదు. స్విమ్మింగ్ పూల్."

"ఎవురికి?"

"మనకే."

"నీకు ఈత యాడ వచ్చు?"

"చిన్నప్పుడు శానా కొట్టినా."

"ఇసకలో కదా?"

మేనమామ కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకుంటే వచ్చే చిక్కు ఇదే. మన చరిత్ర అంతా వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

సుగుణ వద్దనలేదు. గుంత అంచున కాసేపు నిలబడి, "కట్టుకో. కానీ నీళ్ళు నింపేలోపల చుట్టూ కంచె రావాల. మన బుజ్జి ఎక్కలేనంత ఎత్తు. గేటు దానంతట అదే మూసుకోవాల. గొళ్ళెం బుజ్జికి అందకూడదు" అంది.

బుజ్జి మా కూతురు. అప్పటికింకా బడికి పోని పిల్ల. నీళ్ళు కనిపిస్తే బకెట్లో అయినా సరే కాలు పెట్టేది.

"కంచె వేస్తే కొలనులాగా ఉండదు సుగుణా, గొర్రెల దొడ్డిలాగా ఉంటాది. మనం చూసుకుంటాంలే."

ఆమె గొంతు తగ్గింది. "మాయమ్మ కూడా చూసుకుంటానే ఉండె బావా. కాలువ గట్టున గుడ్డలుతుకుతా, పక్కనే తమ్ముణ్ణి కూర్చోబెట్టుకొని. చీర పిండేంత సేపే తల తిప్పింది. చప్పుడు కూడా రాలేదంట. పసిబిడ్డ నీళ్ళల్లో పడితే చప్పుడు రాదు. అమ్మ దూకి జుట్టు పట్టి బయటికి లాగింది కాబట్టి వాడుండాడు."

ఆ తమ్ముడు ఇప్పుడు డోన్‌లో లారీలు తిప్పుతున్నాడు. బాన పొట్ట, బట్టతల. ఆ జుట్టు అప్పుడే వదులైందని వాడే చెప్పుకుంటాడు. ఎప్పుడూ నవ్వేవాళ్ళం. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

కంచె వేయించాలని తీర్మానించుకున్నాను. సమస్య ఏమిటంటే, నేను ఏ పనీ సగం చేసే మనిషిని కాను. మూర్ఖత్వం కూడా పూర్తిగా చేస్తాను.

వెల్డింగ్ షాపుకు పోయి కూర్చున్నాను. నా తల కంటే ఎత్తు ఇనుప కంచె. కడ్డీల మధ్య పిల్లి తల కూడా దూరకూడదు. కాలు పెట్టి ఎక్కడానికి అడ్డ కడ్డీ ఒక్కటీ ఉండకూడదు. గేటుకు గట్టి స్ప్రింగు. గేటు మూసుకోగానే దానంతట అదే పడే గొళ్ళెం, బయటి వైపు, పైన. "లోపలి వైపు కూడా పెడదామా?" అని వెల్డర్ అడిగితే, నా తెలివి చూడండి, "వద్దు. లోపలుంటే పిల్లోల్లు సందులోంచి పుల్ల పెట్టి తీస్తారు. బయటుంటే చాలు. గొళ్ళేనికి వెనకాల రేకు కూడా కొట్టు" అన్నాను.

కొలను చుట్టూ మా కడప నల్ల బండే పరిపించాను. అద్దంలాగా పాలిష్. బండల వ్యాపారి ఇంట్లో ఇంకేం పరుస్తారు?

నీళ్ళు నిండాయి. నల్ల బండ మధ్యన నీలంగా, ఆకాశంలోంచి ఒక ముక్క కోసి మా ఇంటి వెనక ఆరబెట్టినట్టుంది. మే నెల. అత్తా వాళ్ళను పిలుచుకు వద్దామని సుగుణ బుజ్జిని తీసుకొని డోన్‌కు పోయింది. అందరూ కలిసి సాయంత్రానికి వస్తారు. పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేమొచ్చేదాకా నీళ్ళల్లో దిగాకు బావా. ఒంటరిగా అస్సలు దిగాకు."

"నాకేం పని లేదా? దిగనులే."

ఫోన్ పెట్టేసి నేరుగా పోయి లారీ ట్యూబుకు గాలి కొట్టాను. కొత్తగా కొన్న ఈత చెడ్డీ మీద పసుపుపచ్చ డాల్ఫిన్లు ఉన్నాయి కాబట్టి, వాచ్‌మన్‌ను ఆ పూటకు ఊరికి పంపించేశాను. టవలు, చెప్పులు, ఫోను గేటు బయట అరుగు మీద పెట్టి లోపలికి నడిచాను. వెనకాల గేటు దానంతట అదే మూసుకుంది. 'టక్' మంది. ఎంత చక్కగా పడిందో గొళ్ళెం అని మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత గడిచిన సేపు గురించి మాత్రం నేను వేళాకోళం ఆడలేను. నీళ్ళు మెడ దాకానే. ట్యూబులో నడుము ఆనించి వెల్లకిలా పడుకున్నాను. చెవుల్లోకి నీళ్ళు రాగానే లోకం చప్పుడు దూరమైపోయింది. తెల్లని మబ్బు ఒకటి వచ్చి నా పైన ఆగింది. ఎక్కడికీ పోయే తొందర లేనట్టు ఆగింది. నా చేతులు నావి కావు, నా బరువు నాది కాదు. అవ్వ గుర్తొచ్చింది. ఇన్ని నీళ్ళలో మనవడు పడుకొని ఉంటే చూసి ఏమనేదో? తిట్టేదే, సందేహం లేదు. తిట్టి, పక్కన కూర్చొని పాదాలు ముంచేది. ట్యూబు మెల్లగా తిరిగింది, మబ్బు మెల్లగా తిరిగింది. ఎప్పుడు నిద్రపోయానో నాకే తెలియదు.

మెలకువ వచ్చేసరికి నడినెత్తిన సూర్యుడు, నోట్లో ఎడారి. లేచి గట్టెక్కి బండ మీద ఒక కాలు పెట్టాను.

మీరు ఎప్పుడైనా కాలుతున్న దోసె పెనం మీద నిలబడ్డారా? నేను నిలబడ్డాను. నిలబడ్డాను అనడం అబద్ధం, తాకి ఎగిరి నీళ్ళలో పడ్డాను. ఇరవై ఏళ్ళుగా కడప బండ అమ్ముతున్నవాణ్ణి, మే నెల ఎండలో అది ఎంత కాలుతుందో నాకే గుర్తులేదు!

దోసిళ్ళతో నీళ్ళు చల్లి దారి చేసుకుంటూ, ఎగురుకుంటూ గేటు దాకా పోయాను. తోశాను. కదల్లేదు. గొళ్ళెం కోసం వెతికాను. నున్నటి రేకు తగిలింది. కడ్డీల సందులో చెయ్యి పెట్టబోతే మూడు వేళ్ళు దూరి ఆగిపోయాయి.

'ఎక్కి దూకొచ్చు కదా' అంటారా? దేని మీద కాలు పెట్టి? అడ్డ కడ్డీ ఉండకూడదని పట్టుబట్టిన మహానుభావుడు ఎవరు? పైగా ఆ ఇనుము పట్టుకుంటే చేతికి వాత పడుతోంది. మళ్ళీ ఎగురుకుంటూ వచ్చి నీళ్ళలో పడ్డాను.

అరుగు మీద ఫోన్ మోగింది. తెర మీద సుగుణ ఫోటో. నవ్వుతూ నన్నే చూస్తోంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"సుగుణా! నేనీడుండా!" అని అరిచాను. ఎత్తని ఫోనులో మాట్లాడే స్థితికి అప్పటికే వచ్చేశాను.

ఇంతలో పక్కింటి మేడ మీదికి మస్తాన్ భాయ్ వచ్చాడు, ఎండబెట్టిన మిరపకాయలు తిరగేయడానికి. నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండు చేతులూ ఎత్తి ఊపాను.

"భాయ్! గేటు తియ్యి! గేటూ!"

కొలను నీళ్ళు వడకట్టే మోటారు ఆయన గోడ పక్కనే పెట్టించాను. అది రైలింజన్‌లాగా మోగుతోంది. భాయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందప్పా?"

"గేటు! రా! రా!"

"నేనా? వద్దులేప్పా, నాకు జలుబు!"

"జలుబు కాదు భాయ్! నేను బయటికి రాలేకపోతుండా!"

"అవునవును, చల్లగా ఉంటే యాడ రాబుద్ధయితాది? మజా చెయ్యి, మజా చెయ్యి!"

నేను ఇంకా గట్టిగా చేతులు ఊపాను. ఆయనా ఊపాడు. అంతటితో ఆగక భార్యను కూడా పైకి పిలిచి చూపించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా డాల్ఫిన్ల వైపు చూడకుండా మర్యాదగా చెయ్యి ఊపింది. ఇద్దరూ కిందికి దిగిపోయారు.

ఇక చేసేదేముంది? ఇంటి గోడ నీడ కొలనులో ఒక మూల పడింది. అందులో దాక్కున్నాను. నీడ జరిగితే నేనూ జరిగాను. వేళ్ళు ఎండు ఖర్జూరాల్లాగా ముడుచుకున్నాయి. దాహానికి ఆ మందు వాసన నీళ్ళే ఒక గుక్క తాగి, ఊసేసి, మళ్ళీ తాగాను. ఒక పిచ్చుక వచ్చి కంచె మీద వాలి, దర్జాగా లోపలికి వచ్చి నీళ్ళు తాగి, దర్జాగా బయటికి పోయింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా టెంపో ఆగిన చప్పుడు. ఇంటి పక్క సందులోంచి ముందుగా వచ్చింది బుజ్జి. ఒక్కతే.

"నాన్నా! నీళ్ళల్లో ఉండావా? నేనూ వస్తా!"

చేతులు చాపుకొని నేరుగా నా వైపు పరుగెత్తింది. ఆ క్షణంలో నా దాహం, నా మొహం మంట, అన్నీ మాయమైపోయాయి. "బుజ్జీ, ఆగు!" అని అరిచాను. పిల్ల వచ్చి గేటుకు కొట్టుకొని ఆగింది. తోసింది. తల దూర్చబోయింది, దూరలేదు. కాలెత్తి ఎక్కబోయింది, జారింది. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారింది. చివరికి "నాన్నా, తియ్యి" అని ఏడుపు అందుకుంది. ఆ గేటే లేకపోతే?

వెనకాలే సుగుణ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతి సంచి కింద పడేసి బిడ్డను ఎత్తుకొని, గుండెకు అదుముకొని, గేటును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"దిగొద్దని చెప్పినా కదా బావా?"

"చెప్పినావు. ముందు గేటు తియ్యి తల్లీ."

"ఎంతసేపటి నించి ఉండావు?"

"పొద్దున నించి."

అప్పటికి అత్తా, బామ్మర్దీ, వాడి పిల్లల మందా వచ్చేశారు. సుగుణ గొళ్ళెం మీద చెయ్యి వేయబోయి ఆగింది. ఆమె మొహంలో ఏదో ఆలోచన వెలిగింది. నాకు నచ్చలేదు.

"బావా, ఇంకొంచెం సేపు అట్లనే ఉండు. బయటికి రావాకు."

"రాలేకనే కదా ఉండేది!"

"పెద్దోడా, నువ్వు వచ్చి గట్టిగా తొయ్యి. చింటూ, నువ్వు ఎక్కు చూద్దాం. పాపా, నువ్వు కిందనించి దూరు."

నేను నీళ్ళలో ఉండగానే, మా వంశంలోని పిల్లలందరితో నా గేటుకు పరీక్ష మొదలైంది. ఒకడు తోశాడు. ఒకడు వేలాడాడు. ఇద్దరు కలిసి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కబోయి దబ్బున పడ్డారు. బామ్మర్ది ఫోన్ తీసి వీడియో పట్టుకుంటున్నాడు.

"బావా, ఇట్ల చూడు! కొంచెం నగు!"

"ఒరే, నా దాహం తీరినాక నగుతా!"

"సుగుణా," అంది అత్త, తీరిగ్గా అరుగు మీద కూర్చొని నా టవలుతోనే విసురుకుంటూ, "ఊరికే పిల్లోల్లను అలసటబెట్టాకు. గేటు శానా గట్టిదే. లోపలున్నోడు దాన్ని దగ్గరుండి చేయించినోడు. వానికే తీసేది చాతగాలేదంటే, ఇంగ పిల్లోల్లకు యాడ చాతనయితాది?"

అప్పుడు తెరిచారు గేటు. ఎండ దిగింది గానీ బండ వేడి దిగలేదు. ఉతికిన గుడ్డలాగా ముడతలు పడి, నేను గంతులేసుకుంటూ బయటికి వచ్చిన ఆ వీడియో డోన్‌లో చూడని లారీ డ్రైవర్ లేడని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే నల్ల బండ లేపించి, వేడెక్కని గరుకు పలకలు పరిపించాను. గేటుకు లోపలి వైపు కూడా పెద్దవాళ్ళకు మాత్రమే అందే చోట గొళ్ళెం వచ్చింది. ఇప్పుడు సాయంత్రాలు సుగుణ బుజ్జికీ నాకూ కలిపి ఈత నేర్పుతోంది. బుజ్జి నాకంటే చాలా ముందుంది.

ఇక నా ప్రతిజ్ఞ. అవ్వ చెంబు సాక్షిగా, డాల్ఫిన్ల చెడ్డీ సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో ఒంటరిగా నీళ్ళలో దిగను. ఇంట్లో ఏ గేటు పెట్టించినా, అది 'టక్' మనేముందు నేను ఏ వైపు నిలబడ్డానో చూసుకుంటాను.