పదకొండు చోట్లు

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, రిటైరైన మా తెలుగువాళ్లకు మేం వలస వచ్చిన ఉక్కు ఊళ్లో, సాక్చీ పేటలోని పాత కట్టడాలను నడిపించి చూపాలని ఒక కాగితం రాసుకున్నాను. మాంగో పేటకెళ్లే బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ అదేమిటో చదవమంది. ఈమెకేం తెలుస్తుందన్న చులకనతోనే చదివాను. ఒక్క పూటలో పదకొండు చోట్లు, ప్రతిచోటా నా ఉపన్యాసం.

"మరి ముసిలోల్లు ఎక్కడ కూకుంటారు?" అంది.

"మధ్యలో కూర్చోవడం లేదమ్మా."

"ఒంటికొత్తే ఎక్కడికెల్తారు?"

నేను కాగితం మడవబోయాను. ఆమె పెదవి విరిచింది.

"సదువుకున్నోడివి, ఇదేటి రాత బాబూ? ఆ గోడలకి ఇటికలు మోసినోల్లం మేం. మాకేటి సెప్తావు నువ్వు?"

బస్సు ఆగింది. ఆమె కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే కండక్టరు "జల్దీ కరో" అని విసుక్కున్నాడు. అతన్ని చూసీ అలాగే పెదవి విరిచింది, తొందర మాత్రం పడలేదు.

ఆ ఆదివారం మూడే చోట్లకు వెళ్లాం. మొదటిచోట నీడలో బెంచీలు వేయించాను. ఒక పెద్దాయన గోడకు చెయ్యి ఆనించి, దాని పునాది తవ్వినప్పటి సంగతి మొదలుపెట్టాడు. ఇంకొకాయన అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా నా వంతు రాలేదు.