తాతారావు కాలి ఫోటోలు

అంబాజీపేటలో కొబ్బరి లారీలు ఆగే చోటికి ఎదురుగా కృపానందం కొట్టు ఉంది. ముప్పై ఏళ్ల కిందట రేడియోలతో మొదలుపెట్టి సెల్‌ఫోన్ల దాకా వచ్చాడు. ఎవరూ నేర్పలేదు. పాడైన సామాను కొనడం, విప్పడం, ఎందుకు ఆగిందో తెలిసేదాకా వదలకపోవడం, అదే అతని చదువు. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదని చుట్టుపక్కల పేరు.

అతనికో పద్ధతి ఉంది. ఫోన్ తెచ్చినవాళ్ల చేతిలోంచి వెంటనే తీసుకోడు. "ఏం చేస్తే ఆగిందో నా ముందు చెయ్యి," అంటాడు. ఫోన్‌ని కాదు, చేసేవాళ్ల వేలిని చూస్తాడు.

ఆ మంగళవారం పొద్దున్నే సత్తెమ్మ వచ్చింది. ఆమె భర్త తాతారావు కొబ్బరి దింపు మనిషి. పది రోజుల కిందట చెట్టు దిగుతూ మట్ట చీలిక మీద కాలేశాడు. అసలే షుగర్. కాకినాడ డాక్టరు గారు కట్టు కట్టి, "రోజూ రానక్కర్లేదు. కట్టు మార్చినప్పుడల్లా పుండు ఫోటో పంపండి. తేడా కనిపిస్తే నేనే పిలుస్తాను," అన్నారు.

"ఫోటోలు వెళ్టం లేదండి అన్నయ్యగారూ," అంది సత్తెమ్మ. "మాటలు వెళ్తన్నాయండి, ఫోన్ చేస్తే ఫోటో చూడందే చెప్పలేమంటన్నారండి. బొమ్మ పెడితే మాత్రం గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోతందండి."

"ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులండి."

"నాలుగు రోజులా! కాలెలా ఉంది?"

"బొటనవేలు నల్లబడిందండి. వెళ్దాం రావయ్యా అంటే ఈయన కదలడండి. డాక్టరు గారు పిలవలేదంటే తగ్గుతున్నట్టే కదా అంటాడు."

"ఫోటో వెళ్తే కదా పిలవడానికి! ఇన్నాళ్లూ ఏం చేసేవు?"

"అమలాపురం షోరూంలో ఇచ్చేనండి. రెండ్రోజులు ఉంచుకుని లోపల బోర్డు పోయింది, కొత్త ఫోను తీసుకోమన్నారండి."

కృపానందం బల్ల మీదికి వంగాడు. "సరే. పెట్టి చూపించు."

సత్తెమ్మ ఇంటి దగ్గర తీసుకొచ్చిన పుండు ఫోటో పంపబోయింది. తెర పైన చిన్న అక్షరాలతో ఒక వరస వచ్చింది. ఈగను తోలినట్టు బొటనవేలితో దాన్ని పక్కకు తోసేసింది.

"ఆగు. ఇప్పుడు తోసేసింది ఏంటది?"

"అది రోజూ వస్తదండి. అడ్డమని తీసేస్తానండి."

"అదేనమ్మా జబ్బు! లోపల చోటు లేదు మొర్రో అని ఫోను నెత్తీనోరూ కొట్టుకుంటంది."

"ఇంగ్లీషండి. నాకేం తెలుస్తదండి?"

"నీకు రాదు, ఒప్పుకుంటాను. ఆ షోరూమోడికి వచ్చుగా!"

అప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కెమెరా తీసిన ఫోటోలు మెమరీ కార్డులోకి వెళ్తున్నాయి, అందుకే అవి కళ్లకు కనబడుతున్నాయి. పంపాలంటే మాత్రం ఫోన్ సొంత కడుపులో కాస్త చోటుండాలి. ఆ కడుపు గొంతుదాకా నిండింది. తెరిచి చూశాడు. పువ్వుల మీద బైబిలు వాక్యం, సూర్యోదయం మీద వాక్యం, పావురం పక్కన వాక్యం. మూడు ప్రార్థన గ్రూపుల నుంచి మూడేళ్లుగా ప్రతి పొద్దునా వచ్చినవి, పదకొండు వేల పైమాట.

"వీటిని తీసేస్తే..."

సత్తెమ్మ గభాలున చెయ్యి పట్టుకుంది. "చెరపొద్దండి! దేవుడి వాక్యమండి. కాగితం ముక్క మీదున్నా కాళ్ల కింద పడనియ్యం. చేత్తో చెరుపుతామా అండి?"

"నేనూ చర్చికెళ్లేవాణ్ణే. నీ మొగుడి కాలు కుళ్లిపోతంటే..." అని గట్టిగా అరిచాడు. లారీ దగ్గర కాయలు ఎత్తుతున్నవాళ్లు ఇటు తిరిగారు. సత్తెమ్మ చెయ్యి వదల్లేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

కృపానందం గొంతు తగ్గించాడు. వాదిస్తూ కూర్చుంటే ఫోటో వెళ్లదు. వాక్యాలన్నీ కార్డులోకి మార్చవచ్చు, కానీ గంట పైనే పడుతుంది. ఇప్పుడు కావలసింది ఒక్క ఫోటోకి చోటు. వెతికాడు. కొన్న రోజే షోరూంవాళ్లు ఎక్కించిన ఆటలు ఏడు ఉన్నాయి.

"ఇవి వాక్యాలు కావుగా?"

"కావండి."

ఏడూ పీకేశాడు. "ఇప్పుడు పంపు."

ఫోటో వెళ్లింది. అయిదు నిమిషాలు కాకుండానే కాకినాడ నుంచి ఫోన్ వచ్చింది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా? ఉన్నపళంగా బయల్దేరండి!" డాక్టరు గారి కేక బల్ల అవతలికి కూడా వినిపించింది. కృపానందం రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఆపి, తాతారావు ఇంటి మీదుగా కాకినాడ పొమ్మని చెప్పి సత్తెమ్మను ఎక్కించాడు.

ఆ తరవాత షోరూంకి ఫోన్ చేశాడు. మెకానిక్ నాగసతీష్ ఎత్తాడు.

"అంబాజీపేట సత్తెమ్మ ఫోనుకి బోర్డు పోయిందని చెప్పేవంట. విప్పి చూసేవా?"

"విప్పక్కర్లేదండి. ఆ మోడల్ వచ్చిందంటే బోర్డేనండి. మాకు ఎక్స్‌పీరియన్సండి."

"తెర మీద రాసున్నది చదివేవా?"

"మీరెవరండీ అసలు?"

"చదివేవాణ్ణిరా!" అని పెట్టేశాడు. ఆ పూట ఇంకే పనీ ముట్టుకోలేదు.

పాదం నిలిచింది. బొటనవేలు తీసేశారు. మూడు వారాల తరవాత సత్తెమ్మ ఫోన్ తెచ్చింది. కృపానందం కూర్చుని వాక్యాలన్నీ ఒక్కటీ పోకుండా కార్డులోకి మార్చాడు.

"మీ చేతి చలవండి అన్నయ్యగారూ. కాలు దక్కింది," అందామె.

"చలవేంటి, నా మొహం! నాలుగు రోజుల ముందు ఎవడో ఒకడు ఆ ఒక్క లైను చదివుంటే అయిదు వేళ్లూ ఉండేవి."

బొటనవేలు లేని కాలికి కొబ్బరిచెట్టు మీద పట్టు దొరకదని ఇద్దరికీ తెలుసు. తాతారావు ఇప్పుడు కింద నిలబడి, ఇంకెవరో దింపిన కాయలు పోగేస్తున్నాడు.