తిప్పుకునేలోపే

బేగంపేట ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాసేవాణ్ణి. మాట్లాడాలంటే మాత్రం ముందు తెలుగులో అనుకుని, చివరి క్రియను ముందుకు తెచ్చుకుని, అప్పుడు నోరు విప్పేవాణ్ణి. సూపరింటెండెంటు పోస్టు మీకెందుకివ్వాలని ఇంటర్వ్యూలో అధికారి ఇంగ్లీషులో అడిగారు. ‘పదిహేనేళ్లుగా ఆ పని నేనే చేస్తున్నాను’ అన్న వాక్యాన్ని తిప్పుకుంటుండగానే ఆయన బెల్లు కొట్టి తర్వాతివారిని పిలిచారు.

పోస్టు నా జూనియరుకు వచ్చింది. మర్నాడే అతను కాగితం పట్టుకొచ్చాడు.

“అన్నా, పెద్దసారుకు థాంక్స్ లెటర్ రాసిన. జెర చూడు, తప్పులు గిట్ల ఉంటే ఇజ్జత్ పోతది.”

మూడు తప్పులున్నాయి. ఆనాటి డైరీలో అవి వరసగా రాసి ఉన్నాయి. దిద్దకుండా ఇచ్చెయ్యాల్సింది. దిద్దాను. పైగా శుభ్రంగా టైపు కూడా చేసిచ్చాను.